వేటజాతి కుక్కను దత్తత తీసుకునేవారు ముందు దాని పరుగుకు చోటు చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

తిరుపతి, చిత్తూరు పట్టణాల శివారు కాలనీల్లో పొడవాటి కాళ్లు, సన్నని నడుము, లోతైన ఛాతీ గల వేటజాతి కుక్కలు దిక్కులేకుండా తిరుగుతూ కనిపిస్తున్నాయి. తమిళనాడు, కర్ణాటకలకు ఆనుకుని ఉన్న ప్రాంతం కావడంతో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతుల పిల్లలు ఇక్కడివారికి కొత్త కావు. ముచ్చటపడి కొన్నవారు అవి ఎదిగాక భరించలేక వదిలేస్తున్నారు. వాటిని జాలితో ఇంటికి తెచ్చుకునే మంచి మనసున్నవారూ ఉన్నారు. అయితే కొన్ని నెలలకే ఆ కుక్క మళ్లీ వీధిన పడడం చూసి బాధ కలిగి ఈ లేఖ రాస్తున్నాను.

చిప్పిపారై, కన్ని జాతులు కుందేలును కంటితో చూసి తరిమి పట్టడానికి, రాజపాళయం అడవిపందిని ఎదిరించడానికి తమిళనాట తరతరాలుగా ఏరి పెంచినవి. కర్ణాటకలోని బాగల్‌కోట ప్రాంతపు ముధోల్ కూడా అలాంటిదే. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, మన అపార్ట్‌మెంట్లలో విరివిగా పెంచుతున్న లాబ్రడార్ సైతం వేటగాడు కాల్చిన నీటిపక్షిని నోట కరచి తెచ్చే పనికి పెంచిన జాతి. బీగిల్ కుందేలు వాసన పట్టి గుంపుగా వెంటాడే జాతి. 2005లో తపాలా శాఖ ముధోల్, రాజపాళయం జాతుల బొమ్మలతో స్టాంపులు విడుదల చేసింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశీయ జాతులను పెంచమని కోరారు. అందుకు సంతోషమే కాని, మోజు పెరిగినంతగా వాటి అవసరాలపై అవగాహన పెరగలేదు.

పరుగెత్తడానికి పుట్టిన జంతువును మిద్దె మెట్ల కింద గొలుసుతో కట్టేస్తే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? అది చెప్పులు కొరుకుతుంది, పూలకుండీలు తవ్వుతుంది, ప్రహరీ గోడ దూకుతుంది, రాత్రంతా మొరుగుతుంది. ఇంటివారు దానికి పిచ్చి అంటారు, పొగరు అంటారు. మా ఇంటికి వచ్చిన ఆడ చిప్పిపారై గురించి కూడా పాత యజమానులు అలాగే చెప్పారు. మా బంధువుల మామిడితోపుకు చుట్టూ ఎత్తైన కంచె ఉంది. తెల్లవారుజామున అక్కడ విడిచిపెడితే చెట్ల మధ్య కాసేపు బాణంలా దూసుకుపోయి, ఇంటికి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోతుంది. చూపుతో వేటాడే జాతుల స్వభావమే అది: కొద్దిసేపు ప్రాణం పెట్టి పరుగెత్తడం, తర్వాత గంటల తరబడి పడుకోవడం. వీటికి రోజంతా తిప్పేవారు అక్కర్లేదు. రోజూ తప్పకుండా నమ్మకంగా విడువగల చోటు కావాలి. ఆ చోటు చూసుకున్న తర్వాతే దత్తతకు పూనుకోవాలని నా విన్నపం.

‘పిలిస్తే వస్తుందిలే’ అనే ధీమాతో కంచె లేని చోట పట్టీ విప్పరాదు. కంటపడిన పిల్లినో కోడినో తరుముతున్నప్పుడు మన పిలుపు దాని చెవికెక్కదు. వీటి తల సన్నం, మెడ బలిష్ఠం కనుక మామూలు పట్టీ తల మీదుగా జారిపోతుంది. ఛాతీకి చుట్టే పట్టీ, లేదా లాగితే బిగిసే వెడల్పాటి మెడపట్టీ వాడడం మేలు. అలిపిరి, కపిలతీర్థం పరిసరాల్లో నివసించేవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. శేషాచలం అంచున చుక్కల దుప్పులున్నాయి, చిరుతపులులున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువును తరమడాన్ని కూడా వేటగానే నిర్వచించింది. ఇక చిరుతకు మన కుక్కే ఆహారమవుతుంది.

మన ఎండల్లో పరుగు సూర్యోదయానికి ముందో, పొద్దుగూకి రోడ్డు చల్లబడ్డాకో సాగాలి. లోతైన ఛాతీ గల కుక్కలకు తిన్న వెంటనే పరుగు ప్రమాదం. కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ప్రాణం పోవచ్చు. ఒంట్లో కొవ్వు తక్కువైన ఈ జాతులు కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి కనుక, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు తీసుకెళ్లినప్పుడు జాతి ఏమిటో పశువైద్యుడికి ముందుగానే చెప్పాలి. రేబిస్ టీకా, పిడుదుల నివారణ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వాన రోజున పరుగు కుదరకపోతే రాగిసంకటి ముద్దలను ఇంట్లో అక్కడక్కడా దాచి వెతికించినా దాని బుద్ధికి పని దొరుకుతుంది.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే వచ్చింది. నిత్యం కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం, సహేతుక కారణం లేకుండా జంతువును వదిలేయడం రెండూ అందులోని 11వ సెక్షన్ ప్రకారం నేరాలు. కానీ మొదటిసారి నేరానికి ఆ చట్టంలో రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మూగజీవి బతుకును వీధిపాలు చేసిన మనిషి ఒక పూట టిఫిను ఖర్చుతో బయటపడవచ్చునన్నమాట. దీన్ని సవరించమని మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

అంతదాకా ఊళ్లో చేయగలిగిన పనులున్నాయి. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతిలో ఈ విషయం తెలిసినవారికి కొదవ లేదు. దత్తత ఇచ్చేచోట ఒక పశువైద్యుడు గాని, చివరి సంవత్సరం విద్యార్థి గాని కూర్చుని, కుక్క జాతిని, స్వభావాన్ని వివరించి, ఇంటి చోటు, పనివేళలు, ఇంట్లోని పసిపిల్లలు, కోళ్లు, మేకల గురించి అడిగిన తర్వాతే అప్పగించే పద్ధతి రావాలి. మొదట కొన్ని వారాలు పరీక్షగా ఉంచుకుని, కుదరకపోతే వీధిలో వదలకుండా తిరిగి అప్పగించే వీలు కూడా ఉండాలి. నగరపాలక సంస్థ అధికారులు ఎత్తైన కంచె, రెండు గేట్లు గల ఒక ఖాళీ స్థలాన్ని తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం ఒక గంట కుక్కల పరుగుకు కేటాయించాలని కోరుతున్నాను. టీకా కార్డు చూపినవారినే లోపలికి అనుమతించాలి. మలాన్ని ఎత్తి శుభ్రం చేసే బాధ్యత యజమానిదే కావాలి. అలా చేయనివారికి ప్రవేశం రద్దు చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి.