ఐపీ అడ్రస్ చూసి దొంగ అనేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

స్కూళ్లకు వస్తున్న బాంబు బెదిరింపు మెయిళ్ల మీద పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. టోర్, వీపీఎన్ లాంటివి వాడి ఎవరో తెలియకుండా వచ్చేవాళ్లను ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు చిరునామా) బట్టి ఇట్టే గుర్తుపట్టొచ్చని, ప్రతి వెబ్‌సైటూ వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేయాలని అందులో రాశారు. నేను రాజమండ్రిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. అడ్మిషన్లు, ఫీజులు, హాల్ టికెట్లు, విద్యార్థుల ఫిర్యాదుల పేజీ, ఇవన్నీ నడిచే సర్వర్ నేనే చూసుకుంటాను. గుర్తుపట్టడం గురించి ఆ వ్యాసం చెప్పింది సగం నిజం. ఇక ఆపేయమన్న సలహా మా దగ్గర ఇప్పటికే అమలు చేసి చూశారు కాబట్టి దాని సంగతి నాకు బాగానే తెలుసు.

ముందు ఆ నిజమైన సగం. టోర్ అంటే వాడేవాళ్ల ఐపీ బయటపడకుండా దాచే ఉచిత నెట్‌వర్క్. దాన్ని గుర్తుపట్టడం తేలికే. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల మధ్యలో మొదలైన ఆలోచన అది. 2006 నుంచి టోర్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది. టోర్ బ్రౌజర్‌లో ఎవరైనా మా సైట్ తెరిస్తే, ఆ ట్రాఫిక్ వాలంటీర్లు నడిపే మూడు కంప్యూటర్ల మీదుగా మా దాకా వస్తుంది. మొదటి కంప్యూటర్‌కు మనిషి ఐపీ తెలుసు, ఎక్కడికి వెళ్తున్నాడో తెలియదు. చివరి దానికి మా సైట్ తెలుసు, మనిషి తెలియదు. మా లాగ్‌లో, అంటే ఎవరు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాలో, పడేది ఆ చివరి కంప్యూటర్ అడ్రసే. దాన్ని ఎగ్జిట్ అంటారు.

ఆ ఎగ్జిట్‌ల జాబితా రహస్యం కూడా కాదు. టోర్ ప్రాజెక్టే దాన్ని తన సైట్‌లో పెడుతుంది, ఎవరైనా దించుకోవచ్చు. వచ్చిన ఐపీ ఆ జాబితాలో ఉందో లేదో చూడటానికి నాలుగు లైన్ల స్క్రిప్ట్ చాలు. మేము టోర్ నుంచి వస్తున్నాం, తలుపు తీయడమో తీయకపోవడమో మీ ఇష్టం అని వాళ్లే చెబుతున్నట్టు లెక్క. దీన్ని ఏదో గూఢచారి విద్యలా వర్ణించడం నాకు కాస్త నవ్వు తెప్పించింది. వెబ్‌సైట్లకు కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ అయితే టోర్‌ను ఒక దేశం కింద లెక్కేసి, దానికి టీ1 అని దేశం కోడ్ కూడా ఇచ్చేసింది!

అయితే ఈ చిన్న పనిలోనూ తప్పులు జరుగుతుంటాయి. నెట్‌వర్క్‌లో ఏయే కంప్యూటర్లు ఉన్నాయో టోర్ వాళ్లు గంటకోసారి కొత్తగా ప్రకటిస్తారు. చాలామంది అడ్మిన్‌లు జాబితాను ఒక్కసారి దించి ఫైర్‌వాల్‌లో (వద్దన్న ట్రాఫిక్‌ను ఆపే ఏర్పాటులో) పడేసి, ఆ ఊసే మర్చిపోతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అందులో కొన్ని అడ్రస్‌లు వేరేవాళ్ల చేతికి పోతాయి. ఆ కొత్త మనిషికి మన సైట్ ఎందుకు తెరుచుకోవడం లేదో ఎప్పటికీ అర్థం కాదు. ఇంకో తప్పు, ఎగ్జిట్‌లను మాత్రమే కాకుండా టోర్‌లోని కంప్యూటర్లన్నిటినీ కలిపి ఆపేయడం. మొదటి, మధ్య స్థానాల్లో మాత్రమే ఉండే కంప్యూటర్ల నుంచి ఏ వెబ్‌సైట్‌కూ టోర్ ట్రాఫిక్ రాదు. ఎవరో కుర్రాడు తన ఇంటి కనెక్షన్ మీద సేవగా అలాంటిది నడుపుతూ, అదే కనెక్షన్ నుంచి హాల్ టికెట్ దించుకోబోతే మనం వాడి మొహం మీదే తలుపేసినట్టు.

వీపీఎన్ సంగతి వేరు. మన ట్రాఫిక్‌ను ఒక కంపెనీ సర్వర్ మీదుగా పంపి, మన ఐపీ బదులు ఆ సర్వర్ ఐపీ చూపించే సర్వీసు అది. వీపీఎన్‌లన్నిటికీ కలిపి నమ్మదగిన అధికారిక జాబితా ఎక్కడా లేదు. అందుకే డబ్బు తీసుకుని "ఈ ఐపీ వీపీఎన్‌దా కాదా" అని చెప్పే కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాళ్లు చేసేది చాలావరకు ఊహ. ఆ అడ్రస్ డేటా సెంటర్‌దా, ఇంటి ఇంటర్నెట్ కంపెనీదా, దాని మీద ఏ పోర్టులు (కంప్యూటర్‌లోకి వెళ్లే ద్వారాలు) తెరిచి ఉన్నాయి, ఐపీ ఒక దేశం చూపిస్తుంటే బ్రౌజర్ గడియారం ఇంకో దేశం చూపిస్తోందా, ఇలాంటివన్నీ కలిపి వందకు ఇన్ని అని అనుమానపు మార్కులేస్తారు. మా మేనేజ్‌మెంట్ అలాంటి సర్వీసు ఒకటి కొని, ఆ మార్కుల్లో ఒక హద్దు దాటినవాళ్లను మొత్తం ఆపేయమంది. అప్పట్లో ఫిర్యాదుల పేజీలో ఎవరో బూతులు రాస్తున్నారు, అదీ కారణం.

ఆపేశాక మొదట గోల వచ్చింది గల్ఫ్ నుంచి. మా పిల్లల్లో కోనసీమ వాళ్లు చాలామంది, వాళ్ల నాన్నలు దుబాయ్‌లోనో షార్జాలోనో ఉంటారు. అక్కడ వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు, అందుకని ఎంతోమంది ఫోన్లలో వీపీఎన్ ఆన్ చేసే ఉంటుంది. సెమిస్టర్ ఫీజు కట్టబోతే తెల్ల పేజీ మీద "అనుమతి లేదు" అని ఇంగ్లిషులో ఒక ముక్క. ఒక తండ్రి ఫోన్ చేసి, "మా అమ్మాయి సీటు తీసేశారా మేడమ్?" అని అడిగారు. ఆయనకు ఐపీ అంటే ఏం చెప్పను?

మన దేశం లోపలా ఇదే తంతు. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 430 కోట్లు. అవి చాలక మొబైల్ కంపెనీలు ఒక్క పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందికి పంచుతాయి. ఇలా పంచుకునే ఏర్పాటు కోసమే 2012లో అడ్రస్‌ల బ్లాక్ ఒకటి విడిగా కేటాయించారు కూడా. అంటే ఒక ఐపీ వెనక ఒక మనిషే ఉంటాడన్న లెక్క ఎప్పుడో పోయింది. వాళ్లలో ఒకడు పిచ్చి పని చేస్తే ఆ అడ్రస్‌కు చెడ్డపేరు వస్తుంది, రిజల్ట్స్ రోజున మిగతావాళ్లంతా బయటే నిలబడతారు. బస్సులో ఒకడు జేబు కొట్టాడని ఆ నంబరు బస్సెక్కే వాళ్లందరినీ జన్మలో ఊళ్లోకి రానివ్వమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇక అసలు దొంగల విషయం. వాళ్లు ఈ జాబితాల్లో దొరికే దారిన ఎందుకు వస్తారు? 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే నెట్‌వర్క్‌ను మూయించింది. ఉచిత వీపీఎన్ యాప్‌ల పేరుతో మామూలు జనం కంప్యూటర్లలోకి దూరి, వాళ్ల ఇంటి ఇంటర్నెట్‌నే నేరగాళ్లకు అద్దెకిచ్చిన వ్యవహారం అది. 190కి పైగా దేశాల్లో కోటీ 90 లక్షలకు పైగా ఐపీ అడ్రస్‌లు దాని గుప్పిట్లో ఉండేవి. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ అందులోవే. అలాంటి అడ్రస్ మా సర్వర్‌కు వస్తే, మేము కొన్న సర్వీసు దానికి "మామూలు గృహ వినియోగదారు, ప్రమాదం లేదు" అని సర్టిఫికెట్ ఇస్తుంది. షార్జాలో ఉన్న తండ్రి అనుమానితుడు, వీడు పెద్దమనిషి! మీ వ్యాసంలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా లేకపోవడం పెద్ద లోటు. ఉచిత వీపీఎన్‌లు ఎడాపెడా దించుకునే మన పిల్లలకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

మన చట్టం కూడా ఈ గుర్తింపును ఇంకాస్త చిక్కు చేసింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు చందాదారుల పేర్లు, చిరునామాలు, ఇచ్చిన ఐపీలు అయిదేళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు తీసేసి వెళ్లిపోయాయి. ఎక్స్‌ప్రెస్ అయితే భారతదేశపు ఐపీ అడ్రస్‌లనే సింగపూర్, బ్రిటన్‌లలోని సర్వర్ల మీద నడుపుతామని ప్రకటించింది. డేటాబేస్‌లో ఇండియా అని ఉంటుంది, యంత్రం మాత్రం సముద్రం అవతల ఉంటుంది. లొకేషన్ చూసి మనవాడా పరాయివాడా తేల్చే సైట్లు దీన్ని ఎలా లెక్కేస్తాయో మరి.

అలాగని ఐపీ పరిశీలన దండగని నేను అనడం లేదు. దర్యాప్తులో దానికి గట్టి విలువ ఉంది. 2013 డిసెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పరీక్షల రోజున బాంబు మెయిల్ వచ్చింది. మెయిల్‌లో ఉన్న ఐపీ బట్టి అది టోర్ మీదుగా వచ్చిందని తేలింది. అక్కడితో అయితే దారి మూసుకుపోవాలి. కానీ ఆ సమయానికి ముందు క్యాంపస్ వైఫైలోంచి టోర్ వాడినవాళ్లు ఎవరా అని అక్కడి లాగ్స్ వెతికారు. ఆ దారిలో ఒక విద్యార్థి దగ్గరకు వెళ్లి అడిగితే పరీక్ష తప్పించుకోవడానికి తానే పంపానని ఒప్పుకున్నాడు. గమనించాల్సింది, అతన్ని పట్టించింది టోర్ జాబితా ఒక్కటే కాదు. దాని పక్కన ఇంకో ఆధారం, ఆ తర్వాత మనుషులు వెళ్లి చేసిన విచారణ ఉన్నాయి. ఎగ్జోనరేటర్ అని టోర్ వాళ్లదే ఒక పేజీ ఉంది. ఐపీ అడ్రస్, తేదీ ఇస్తే ఆ రోజున అది టోర్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో చెబుతుంది. ఏ ఇంటి తలుపైనా కొట్టి కంప్యూటర్ పట్టుకెళ్లేముందు మన సైబర్ క్రైమ్ పోలీసులు రెండు నిమిషాలు ఆ పేజీ చూడటం మంచిది.

మా ఫిర్యాదుల పేజీ సంగతి మధ్యలో వదిలేశాను. పేరు చెప్పనక్కర్లేదు, ర్యాగింగ్ గురించి ధైర్యంగా రాయండి అని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. బ్లాక్ పెట్టిన కొన్నాళ్లకు సెకండియర్ అమ్మాయి ఒకతె నా గదికొచ్చి, "హాస్టల్ వైఫైలోంచి రాస్తే ఎవరు రాశారో మీకు తెలుస్తుంది కదా మేడమ్?" అని అడిగింది. తెలుస్తుంది. లాగిన్ లేకుండా హాస్టల్ వైఫై రాదు, ఏ పరికరం ఏ సమయంలో ఎక్కడికి వెళ్లిందో నా దగ్గర ఉంటుంది. అందుకని తన ఫ్రెండ్స్ టోర్ పెట్టుకున్నారని, ఇప్పుడు అందులో ఆ పేజీ రావడం లేదని చెప్పింది. అంటే మేము ఆపిన "ముసుగు మనుషుల్లో" మా పిల్లలే ఉన్నారు. వాళ్లు భయపడి దాక్కుంటోంది మా నుంచే. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఈ మాట చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత బూతుల సంగతేంటి అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2016లో క్లౌడ్‌ఫ్లేర్ తమ నెట్‌వర్క్‌కు టోర్ నుంచి వచ్చే రిక్వెస్టుల్లో 94 శాతం హానికరమైనవేనని రాసింది. ఆ లెక్కను టోర్ వాళ్లు ఒప్పుకోలేదు గానీ, ఆ దారిన చెత్త చాలానే వస్తుందన్నది నేనూ కళ్లారా చూస్తున్నదే.

దీనికి వికీపీడియా ఎప్పటినుంచో ఒక పద్ధతి పాటిస్తోంది. టోర్‌లోంచి ఎవరైనా చదువుకోవచ్చు, మార్పులు చేయబోతే మాత్రం మామూలుగా ఆపుతుంది. నిజంగా అవసరమైన ఎడిటర్లకు అడిగితే మినహాయింపు ఇస్తుంది. మేమూ చివరికి ఆ తోవలోకే వచ్చాం. చదివే పేజీలన్నీ అందరికీ తెరిచేశాం. ఫీజుకు ఎలాగూ ఓటీపీ ఉంది, బ్యాంకు చూసుకుంటుంది. మార్కులు ఎక్కించే పేజీ క్యాంపస్ నెట్‌వర్క్ దాటి తెరుచుకోదు, అది టోర్ అయినా కాకపోయినా. ఫిర్యాదుల పేజీలోకి టోర్ నుంచి వచ్చినవి నేరుగా కమిటీకి వెళ్లవు, ముందు ఒక లెక్చరర్ చదివి బూతులు తీసేసి పంపుతారు. ఆమెకు ఇది అదనపు పనే, విసుక్కుంటూనే చేస్తున్నారు. దీనికి అదనపు జీతం ఇవ్వాలని నేను రాసిన నోట్ ఇంకా కదల్లేదు.

చివరగా మీకే ఒక మనవి. ఈ ఉత్తరం రాసే ముందు మీ పత్రిక వెబ్‌సైట్‌ను టోర్ బ్రౌజర్‌లో తెరిచి చూశాను, రాలేదు. అమెరికా వార్తా సంస్థ ప్రోపబ్లికా 2016లో, న్యూయార్క్ టైమ్స్ 2017లో, బీబీసీ 2019లో టోర్‌లో చదువుకోవడానికి ప్రత్యేకంగా తమ సైట్లు పెట్టాయి. మీరు అంత చేయనక్కర్లేదు. వార్త చదవడానికి వచ్చినవాళ్లను ఐపీ చూసి ఎందుకు ఆపుతున్నారో మీ ఐటీ విభాగాన్ని ఒకసారి అడగండి. వాళ్లు చెప్పిన జవాబును ఇదే పేజీలో వేస్తే చదవాలని ఉంది.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
రాజమండ్రి