రాజధాని పేరు చెప్పి అమ్మిన ప్లాట్ల సంగతి తేల్చండి

పట్టణాభివృద్ధి వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయులైన ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. నేను మధురవాడ వాసిని. ఇదే విషయంపై మీకు ఇదివరకే అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

మనకు రాజధాని మారడం కొత్త కాదు. 1953లో కర్నూలు, 1956లో హైదరాబాద్, విభజన తర్వాత 2015లో అమరావతికి శంకుస్థాపన. 2020లో విశాఖను పరిపాలనా రాజధానిగా చేస్తూ చట్టం తెచ్చారు, 2021 నవంబరులో దాన్ని రద్దు చేశారు. దేశ రాజధానిని ఢిల్లీకి మారుస్తామని 1911లో ప్రకటిస్తే, కొత్త నగరం ప్రారంభోత్సవం 1931లో గానీ జరగలేదు. మన బ్రోకర్లకు అంత ఓపిక ఎక్కడిదండీ! "సెక్రటేరియట్ పక్కనే" అంటూ భీమిలి దారిలో పొలాలను గజాల లెక్కన అమ్మేశారు.

రిటైర్మెంట్ డబ్బులు పోసి కొన్నవాళ్లు ఉన్నారు. కూతురి పెళ్లికి దాచింది పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అమ్ముదామంటే కొనేవాడు లేడు, ఇల్లు కట్టుకుందామంటే ఆ లేఅవుట్‌కు అనుమతి లేదు. అప్పటి ఊపులో పెరిగిన అద్దెలు మాత్రం తగ్గలేదు. రాజధాని ఎక్కడ ఉండాలన్నది మీ చేతిలో లేదని తెలుసు, దాని గురించి నేను అడగడం లేదు.

అనుమతి ఉన్న, లేని లేఅవుట్ల జాబితాను సర్వే నంబర్లతో సహా తెలుగులో ప్రతి వార్డు సచివాలయం బోర్డు మీదా పెట్టించండి. మోసపోయినవారి ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని నియమించండి. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా బదులివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
మధురవాడ నివాసి, విశాఖపట్నం