బెట్‌మన్ గారూ, కొత్త జట్టు ఇచ్చే ముందు రింకు చూడండి

నేషనల్ హాకీ లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ గారికి,

నమస్కారాలు.

మీరు 1993 ఫిబ్రవరిలో ఈ పదవిలోకి వచ్చేనాటికి అమెరికా, కెనడా నగరాల జట్లు ఆడే ఈ ఐస్ హాకీ లీగ్‌లో 24 జట్లు ఉన్నాయి, ఇప్పుడు 32. వెగాస్ 50 కోట్ల డాలర్లు కట్టి 2017లో మంచు మీదికి దిగింది. సియాటిల్ 65 కోట్లు కట్టి 2021లో వచ్చింది. 2024లో అరిజోనా ఆటగాళ్లను, సిబ్బందిని సాల్ట్ లేక్ సిటీకి తరలించినప్పుడు ఆ బేరం విలువ 120 కోట్లు. ఇక మీదట వచ్చే జట్టుకు 200 కోట్లన్న మాట నడుస్తోంది. ప్రవేశ రుసుం ఆటగాళ్లతో చెరి సగం పంచుకునే ఆదాయంలోకి రాదు. అది నేరుగా యజమానులకే వెళుతుంది. ఆ ధరకు రెండు జట్లను చేర్చుకుంటే ఇప్పుడున్న 32 మంది యజమానుల్లో ఒక్కొక్కరి వాటా పన్నెండున్నర కోట్లు. అంత సొమ్ము ఎదురుగా ఉంటే తొందర పుట్టడం సహజం. ఆ తొందరే మా భయం, అందుకే ఈ లేఖ.

నగరంలో జనం ఎంతమంది, టీవీ మార్కెట్ ఎంత పెద్దది అన్నవి రెండో ప్రశ్నలు. ఆ జట్టు ఏ భవనంలో ఆడుతుంది, ఆ భవనం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది మొదటి ప్రశ్న. జట్లు నిలవని నగరాలను చూస్తే ఎక్కువచోట్ల తప్పు అక్కడే మొదలైంది.

అరిజోనా జట్టు ఆడిన ఫీనిక్స్‌నే తీసుకోండి. 1996లో విన్నిపెగ్ నుంచి వెళ్లిన జట్టును బాస్కెట్‌బాల్ కోసం కట్టిన హాలులో ఆడించారు. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. మన రింకు, అంటే ఆడే మంచు మైదానం, 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చిన్న కోర్టు చుట్టూ అమర్చిన సీట్ల మధ్య ఇంత పెద్ద రింకును ఇరికిస్తే ఒక కొస గ్యాలరీ కిందికి పోతుంది. అక్కడ పై వరుసల్లో టికెట్ కొన్నవాళ్లకు దగ్గరి గోల్‌పోస్టే కనిపించేది కాదు. 2003లో జట్టు గ్లెండేల్‌లోని కొత్త భవనానికి మారింది. రింకు బాగుంది కానీ, టికెట్లు కొనే జనంలో ఎక్కువమంది నగరానికి అవతలి వైపు ఉన్నారు. 2009లో దివాలా. తర్వాత నగరపాలక సంస్థతో లీజు తగాదాలు. చివరి రెండు సీజన్లు దాదాపు 4,600 సీట్ల యూనివర్సిటీ హాలులో గడిచాయి. టెంపీలో కొత్త భవనం ప్రతిపాదనను 2023 మేలో ఓటర్లు తిరస్కరించారు. అరిజోనాలో హాకీకి ఆదరణ లేదని దీన్నిబట్టి తేల్చేస్తే అన్యాయం. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో మొదటి పిక్ అయిన ఆస్టన్ మాథ్యూస్ పెరిగింది స్కాట్స్‌డేల్‌లోనే, ఆ జట్టును చూస్తూనే.

ఆడే చోటు తేడాగా ఉంటే ఏమవుతుందో బ్రూక్లిన్‌లోనూ చూశాం. న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు 2015లో అక్కడి బార్‌క్లేస్ సెంటర్‌కు మారినప్పుడు రింకు మధ్యగీత ఒకచోట, పైన వేలాడే స్కోర్‌బోర్డు ఇంకోచోట. అది చూసి అందరూ నవ్వారు. అసలు జబ్బు కంటికి కనిపించని చోట ఉంది: కాంక్రీటు కింద చల్లదనాన్ని మోసే పైపులు ఉక్కువి కావు, పీవీసీవి. ఉక్కు వేడిని లాగేసినంత వేగంగా ప్లాస్టిక్ లాగలేదు. పీరియడ్ల మధ్య జాంబోనీ, అంటే మంచును నున్నచేసే బండి, పరిచే వేడి నీళ్లు గడ్డకట్టడం ఆలస్యమైతే పై పొర మెత్తగా ఉండిపోతుంది. స్కేట్ల కింద గుంటలు పడతాయి, పక్ (బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ల) జారకుండా గెంతుతుంది, పాస్‌లు తప్పుతాయి. అంతర్జాతీయ ప్రమాణాలున్న భవనం అని కాగితం మీద రాసుకుంటే మంచు గట్టిపడదు.

ఈ కొలతతో చూస్తే మా లెక్కలో మొదటి నగరం హ్యూస్టన్. అమెరికాలో నాలుగో పెద్ద నగరం, చుట్టుపక్కల కలుపుకుంటే 70 లక్షలకు పైగా జనాభా. ఇక్కడ ఆటకు పాత వేళ్లున్నాయి. 1970లలో హాకీ దిగ్గజం గోర్డీ హోవ్ తన ఇద్దరు కొడుకులతో కలిసి ఆడింది హ్యూస్టన్ ఏరోస్‌కే. 2003లో తెరిచిన టొయోటా సెంటర్‌లో రింకు ఏర్పాటు ముందునుంచే ఉంది. అదే పేరున్న మైనర్ (కింది స్థాయి) లీగ్ జట్టు ఏరోస్ అక్కడ పదేళ్లు ఆడారు. ప్రాంతీయ ప్రసారానికి బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్, బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కలిసి నడిపే చానల్ ఉంది. డల్లాస్ 240 మైళ్ల దూరం, బస్సులో వెళ్లొచ్చే పోటీ.

మరి ఆ ఏరోస్ 2013లో ఎందుకు వెళ్లిపోయారు? జనం రాక కాదు. భవనాన్ని నడిపేవారితో లీజు కుదరలేదు, జట్టు అయోవాకు తరలింది. ఆ భవనం ఇప్పటికీ బాస్కెట్‌బాల్ జట్టు యాజమాన్యం చేతిలోనే ఉంది. కాబట్టి హ్యూస్టన్‌లో జట్టు రాకెట్స్ యజమానికే వెళ్లాలి, లేదా కొత్త యజమాని సొంత భవనం కట్టుకోవాలి. అద్దెకు వచ్చిన హాకీ జట్టుకు మంచి తేదీలు మిగలవు. పార్కింగ్, తినుబండారాలు, ప్రకటనల ఆదాయం ఇంటి యజమానికే పోతాయి. అద్దె పద్ధతిని మాత్రం ఒప్పుకోకండి.

హ్యూస్టన్‌లో ఇంకో ఇబ్బంది గాలిలోని తేమ. మంచు పై పొర 22 నుంచి 24 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి, హాలులో గాలి 60 డిగ్రీల చుట్టుపక్కల, తేమ 40 నుంచి 45 శాతం. ప్లేఆఫ్‌లు సాగే మే, జూన్ నెలల్లో గల్ఫ్ తీరపు గాలి తడిగుడ్డలా ఉంటుంది. సామాను దించే పెద్ద తలుపు పావుగంట తెరిచి ఉంచితే చాలు, ఆ తేమంతా లోపలికొచ్చి మంచు మీద నూగులా పేరుకుంటుంది. పక్ దాని మీద ఈడ్చుకుంటూ పోతుంది. ఇది తీరని సమస్య కాదు. ఇలాంటి వాతావరణంలోనే ఉంటూ టంపా 2020, 2021లో, ఫ్లోరిడా పాంథర్స్ 2024, 2025లో లీగ్ కప్ ఎత్తాయి. తేమను పీల్చే యంత్రాలు, తలుపుల దగ్గర గాలి అరలు, చల్లదనం యంత్రాల్లో ఒకటి ఎప్పుడూ అదనంగా సిద్ధంగా ఉండాలని ఒప్పందంలోనే రాయించాలి. జట్టు వచ్చాక అడిగితే ఎవరూ పెట్టరు.

రెండో నగరం అట్లాంటా, అయితే షరతులతో. ఇక్కడి జట్లు ఫ్లేమ్స్ 1980లో కాల్గరీకి, థ్రాషర్స్ 2011లో విన్నిపెగ్‌కు వెళ్లిపోయాయి. రెండుసార్లు పోయిన ఊరికి మూడోసారి ఎందుకని అడిగేవాళ్లున్నారు. థ్రాషర్స్ 11 సీజన్లలో ప్లేఆఫ్‌లకు చేరింది ఒక్కసారి, 2007లో. అప్పుడూ వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టారు. భవనమూ జట్టూ ఒకరివే అయినా యజమానులు వాళ్లలో వాళ్లే కోర్టుకెక్కి ఏళ్లు గడిపారు. చివరికి బాస్కెట్‌బాల్ జట్టును, భవనాన్ని ఉంచుకుని హాకీని అమ్మేశారు. అభిమానిని తప్పుపట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

స్థలం విషయంలోనూ పాఠం ఉంది. హాకీ టికెట్లు కొనేవాళ్లు ఎక్కువగా ఉత్తరపు శివార్లలో ఉంటారు. పనిరోజు సాయంత్రం ఏడింటికి డౌన్‌టౌన్ చేరాలంటే ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు టికెట్ కొనుగోలుదారుల చిరునామాలు మ్యాప్ మీద పెట్టి చూసుకునే 2017లో కాబ్ కౌంటీకి మారింది. ఫోర్సైత్ కౌంటీలో, ఆల్ఫరెటాలో హాకీ భవనాల ప్రతిపాదనలు ఆ దిశగానే ఉన్నాయి. చిక్కల్లా ఒకటే: జట్టు ఖాయమైతే కడతామని కౌంటీ, కట్టడం ఖాయమైతే జట్టు ఇస్తామని లీగ్. ఈ ముడి విప్పాల్సింది మీరే. షరతులతో జట్టు ప్రకటించండి. భూమి పత్రాలు, అమ్ముడైన బాండ్లు, ఉక్కు ఆర్డరు, ఒక్కోదానికీ గడువు పెట్టండి. గడువు తప్పితే జట్టు రద్దు. సియాటిల్‌లో 2018 డిసెంబరులో జట్టు ఇచ్చినా, భవనం సిద్ధమయ్యేది చూసి తొలి సీజన్‌ను 2021కి పెట్టారు. అది సరైన పని. సాల్ట్ లేక్‌లో మాత్రం తొందరపడ్డారు. మొదటి సీజన్‌లో మంచు మొత్తం కనిపించే సీట్లు 11 వేల పైచిలుకే.

లీగ్‌లోని రెండు విభాగాల్లో హ్యూస్టన్ పశ్చిమానికి, అట్లాంటా తూర్పుకు పోతాయి, 17, 17గా తూకం చెడదు. కానీ రెండింటినీ ఒకే వేసవిలో తేవద్దు. వెగాస్ వచ్చినప్పుడు, పాత జట్ల నుంచి ఒక్కో ఆటగాణ్ని కొత్త జట్టు తీసుకునే డ్రాఫ్ట్‌లో ఒక్కో జట్టు ఏడుగురు ఫార్వర్డ్‌లను, ముగ్గురు డిఫెండర్లను, ఒక గోలీని (గోల్‌కీపర్‌ను) కాపాడుకుంది, లేదా ఎవరైనా ఎనిమిదిమందిని, ఒక గోలీని. ఒక్క ఆటగాణ్ని కోల్పోవడానికే జనరల్ మేనేజర్లు కంగారుపడ్డారు. కొలంబస్ ఒక ఆటగాడి భారీ కాంట్రాక్టును వదిలించుకోవడానికి విలియం కార్ల్‌సన్‌తో పాటు మొదటి రౌండ్ పిక్ కూడా ముట్టజెప్పింది. ఆ కార్ల్‌సన్ వెగాస్‌కు తొలి సీజన్‌లోనే 43 గోల్స్ కొట్టాడు. ఒకే ఏడాది రెండు జట్లు దోచుకుంటే చిన్న మార్కెట్ల జట్లు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. కనీసం రెండేళ్ల ఎడం ఉండాలి. రెండు జట్లంటే 23 మంది చొప్పున 46 కొత్త ఉద్యోగాలు. కింది లీగ్ నుంచి ఆ లోటు పూడాలంటే సమయం పడుతుంది.

రుసుంతో పాటు ఒక్కో కొత్త యజమాని శివార్లలో జనానికి తెరిచిన మంచు రింకులు కనీసం ఆరు కట్టాలని రాయించండి. 1993లో డల్లాస్‌కు వెళ్లిన స్టార్స్ ఊరంతా రింకులు వేయడం వల్లే టెక్సస్ పిల్లలు ఈ ఆటలోకి వచ్చారు. ఇవాళ సీట్లు నింపేది కూడా వాళ్ల కుటుంబాలే.

కాన్సస్ సిటీలో 2007 నుంచి మంచి భవనం ఉంది, ముందుకొచ్చే గట్టి యజమాని కావాలి. అరిజోనాలో భవనానికి పునాది పడేదాకా మాట ఎత్తకండి.

క్విబెక్ సిటీ గురించి మాత్రం నిలదీసి అడగాలి. 2015లో దాదాపు 37 కోట్ల కెనడా డాలర్లతో 18,259 సీట్ల వీడియోట్రాన్ సెంటర్ కట్టారు. సీట్లు రింకు చుట్టూనే అమర్చారు, మధ్యగీత మధ్యలోనే ఉంది. మీరు అడిగినవన్నీ ఉన్నాయి. 2016లో దరఖాస్తును వాయిదా వేశారు, అది ఇప్పటికీ వాయిదాలోనే ఉంది. కారణాలు మాకు తెలుసు. ఆదాయం కెనడా డాలర్లలో వస్తుంది, జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి. 1995లో క్విబెక్ జట్టు నార్డిక్స్ కొలరాడోకు వెళ్లడానికి ఆ తేడా కూడా ఒక కారణం. ఊరు చిన్నది, విన్నిపెగ్ అంతే. విన్నిపెగ్‌లోనూ సీజన్ టికెట్లు 13 వేల నుంచి 9,500 దాకా పడిపోయిన రోజులున్నాయి, అదీ నిజమే. అయినా విన్నిపెగ్ నిలబడింది, ఎందుకంటే భవనమూ జట్టూ ఒకే చేతిలో, ఊళ్లోనే ఉన్నాయి. క్విబెక్‌కు కావాల్సింది పొగడ్త కాదు, లెక్క: ఎన్ని సీజన్ టికెట్లు, ఎన్నేళ్ల ఒప్పందం, మారకపు తేడాకు ఎంత హామీ నిధి ఉంటే దరఖాస్తు మళ్లీ తెరుస్తారు? ఆ మూడు అంకెలు రాతపూర్వకంగా ప్రకటించండి. అందుకోలేకపోతే ఆ ఊరే ఆశ వదులుకుంటుంది. అందుకుంటే పశ్చిమంలో ఇంకో నగరంతో జతకట్టి 35వ జట్టుగా పిలవండి.

ఇట్లు,
ఐస్ హాకీని శ్రద్ధగా గమనించే కొందరు తెలుగు అభిమానులు