మిద్దె మీద సున్నం సంగతి

అమ్మా,

బాగుండావా. నేను బాగుండా. మొన్న ఫోన్ సగంలో కట్ అయింది కదా అందుకే టైపు చేస్తాండా, పాప చదివి చెప్తుందిలే. జీతం వచ్చింది, పంపించినా.

కువైట్‌లో ఎండకు పడిపోతాండారని ఎవరో చెప్తే ఏడ్చినావంట. జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేపించగూడదని ఈడ రూలుంది మా. అయినా నాది యూనివర్సిటీలో ఏసీల పని, బయట 48 ఉంటే లోపల 20, నాకు వచ్చింది ఎండదెబ్బ కాదు జలుబు. నవ్వొద్దు, మఫ్లర్ కట్టుకోని తిరుగుతాండా.

ఈ నెలంతా ఒక మిస్రీ సారు, అంటే ఈజిప్టాయన, వెంట డ్యూటీ. క్లాసుల్లో పిల్లోల్లకు పేపర్లిచ్చి చలిగా ఉందా ఉక్కగా ఉందా టిక్కు పెట్టమంటాడు, మైనస్ 3 అంటే బాగా చలి, ప్లస్ 3 అంటే ఉడికిపోవడం, సున్నా అయితే హాయి. తేమ, గాలి విసురు, ఏసుకున్న బట్టలు అన్నీ రాసుకుంటాడు. బయట అంత ఎండ పెట్టుకోని లోపల చానామంది చలి అనే టిక్కు పెడతాండారు! నలభై మందికని పెట్టిన మిషన్, కూచునేది పదైదు మంది. తగ్గించమని ఎప్పట్నించో చెప్తానే ఉండా, మన మాట ఎవురింటారు. 1970లో ఫాంగర్ అని డెన్మార్క్ ఆయన లెక్క కట్టినాడంట, ఎంత బాగా సరిచేసినా నూటికి అయిదుగురు బాగలేదనే అంటారంట. నాయన గుర్తొచ్చినాడు.

సారు దగ్గర ఒక నల్లబంతి ఉంది మా, టేబుల్ టెన్నిస్ బంతికి నల్లరంగు పూసి లోపల థర్మామీటరు దూర్చినాడు. గాలి వేడే కాదు, గోడలు, పైకప్పు కొట్టే సెగ గూడా పట్టుకుంటాది. పై అంతస్తు రూములో గాలి 24, బంతి 27. అది చూసినప్పట్నించి జేజి మాటే చెవిలో ఉంది. మిద్దె మీంచి నిప్పులు పోస్తాండారురా అనింది కదా, నేనేమో ఫ్యానుంది కదా జేజీ అని కసిరినా. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రికి కక్కుతాది, ముసలామె తప్పేముంది.

బోద కొట్టం పీకేపిచ్చింది నేనే, ఒప్పుకుంటా. అందరూ మిద్దెలు కట్టుకుంటే మనమెందుకు కట్టుకోగూడదు అనుకున్నా, అది తప్పా చెప్పు. వానొస్తే గిన్నెలు పెట్టుకునే బాధ పోయింది కదా.

ఏసీ సంగతి దసరాకు చూద్దాం. ముందు మిద్దె మీద సున్నం రెండు పూతలు కొట్టించు, తెల్లగుంటే ఎండ అంత తాగదు. నాయన దండగంటాడు, ఇననే వద్దు. పాప పరీక్ష ఫీజు కట్టిందా? జేజికి బయట మంచమేసేటప్పుడు దోమతెర నాలుగు పక్కలా కిందికి దోపు, పోయినసారి దోమలన్నీ లోపలే ఉండె.

నీ పెద్దోడు