స్వర్ణముఖి ఒడ్డు బాట: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనిలో ఎక్కువ భాగం ఒక్క బాటకే పోయింది. తిరుపతి దగ్గరి తొండవాడ వైపు స్వర్ణముఖి ఏటి గట్టు మీద సాగే మట్టిబాట అది. పరుగు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కూడా భయం లేకుండా వచ్చేలా దాన్ని ఉంచాలి, చుట్టూ ఉన్న చెట్లు, పిట్టలు చెదరకూడదు. కార్యవర్గం ఏ నిర్ణయం తీసుకున్నా ఈ రెండూ చూసుకునే తీసుకుంది.

బాటలో ఎత్తుపల్లాలు దాదాపు లేవు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి దిగేవాళ్లకు ఇది మరీ తేలికగా అనిపించవచ్చు. కానీ షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే మొదటిసారి బూట్లు కొన్నవాళ్లకు, పిల్లలకు, పెద్దవాళ్లకు ఇలాంటి చోటే కావాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే ఆ వేగం చాలు. ఆయాసంతో మాట ఆగిపోతుంటే నడకలోకి దిగండి. ఎండాకాలంలో ఏడు గంటలకల్లా ఇంటికి చేరుకోండి.

ఏట్లో ఇసుక మెత్తగా ఉంది కదా, అక్కడ పరిగెత్తవచ్చా అని కొత్త సభ్యులు తరచూ అడుగుతున్నారు. గట్టి నేల మీదకన్నా ఇసుకలో పరుగుకు సుమారు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుందని 1998లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పిక్కల మీద భారం పెరుగుతుంది. మొదలుపెట్టినవాళ్లకు గట్టే మంచిది.

బాటకు టైల్స్ వేయించి లైట్లు పెట్టిద్దామని కొందరు సభ్యులు మంచి మనసుతోనే ప్రతిపాదించారు. చాలాసేపు చర్చించాక కార్యవర్గం వద్దనుకుంది. 2021 నవంబరు వరద మనలో ఎవరూ మరిచిపోలేదు. తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇల్లు ఇల్లుగానే ఏట్లోకి ఒరిగిపోయింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే ఏరు కదా అని దాని అంచున బరువైన కట్టడాలు పెట్టుకుంటే ఏమవుతుందో అప్పుడే చూశాం. మట్టిబాట కోసుకుపోతే పార, తట్ట పట్టుకుని మనమే సరిచేసుకోగలం. ఈసారి వానల తర్వాత అలాగే చేశాం. లైట్ల విషయంలోనూ మా మాట అదే. రాత్రి ఆ ఒడ్డు గుడ్లగూబలది. తెల్లవారాక మనం వెళ్దాం.

అన్నిటికంటే శ్రమ పెట్టింది సర్కారు తుమ్మ. 1870ల్లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన పొరుగున కడప జిల్లా కమలాపురంలో నాటిన ఆ కంప ఇప్పుడు రాయలసీమలో లేని వంక లేదు. దాని ముల్లు బూటు అడుగును కూడా దాటి దిగుతుంది. మొత్తం వేళ్లతో పీకేద్దామన్న సూచన వచ్చింది. గట్టు మట్టిని ఇప్పుడు పట్టి ఉంచుతున్నవి ఆ వేళ్లే కాబట్టి, పంచాయతీ అనుమతితో బాట మీదకు వాలిన కొమ్మలు మాత్రమే కొట్టాం. మధ్యమధ్య కానుగ, నేరేడు, ఏరుమద్ది మొక్కలు నాటాం. అవి నిలదొక్కుకున్నాక తుమ్మను కొంచెం కొంచెంగా తీయాలి. ఇది తొందరపడే పని కాదు. మొక్కలకు నీళ్లు మోసిన సభ్యుల ఓపికకు కార్యవర్గం చేతులు జోడిస్తోంది.

వేసవిలో బాట ఒకచోట పక్కకు తిరిగి ఉండడం మీరు గమనించే ఉంటారు. అక్కడ తీతువు పిట్ట గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. ఈ పిట్ట గూడు కట్టదు, నేల మీదే పెడుతుంది, సాధారణంగా నాలుగు. రాళ్ల రంగులో కలిసిపోయి, కాలు పడేదాకా కనిపించవు. పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నట్టు. ఫోటో కోసం ఆగకుండా వెనక్కి రండి. పెంపుడు కుక్కలను తాడుతోనే తీసుకురండి.

జమ్ము ఉన్నచోట పాముల భయం ఉంది. రక్తపింజర, కట్లపాము మన ప్రాంతంలో ఉన్నవే. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. ఆ మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. మందు ఆసుపత్రిలోనే ఉంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. శేషాచలం కొండల్లో గట్టి వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా ఏరు పొంగుతుంది, కల్యాణి డ్యాం నీళ్లూ వచ్చి కలుస్తాయి. అందుకే హెచ్చరిక ఉన్న రోజుల్లో బాట మూసేశాం. వచ్చే ఏడాదీ అంతే. తొండవాడ ముక్కోటి తర్వాత ఒడ్డున మిగిలిన ప్లాస్టిక్ ఏరడానికి యువ సభ్యులు బాగా వచ్చారు.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో అందరికీ ఇస్తాం. ఖర్చంతా పనిముట్లకు, మొక్కలకు, నీళ్లకు అయింది.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, ఊళ్లోని చెట్లు, పిట్టలు, జంతువుల వివరాలు రిజిస్టర్లో ఎక్కించాలి. మన బాట పక్కన కనిపించేవన్నీ నెలవారీగా రాసి పంచాయతీకి ఇద్దామని తీర్మానం పెడుతున్నాం. పిట్టల పేర్లు మన పెద్దవాళ్లకు తెలిసినంతగా పుస్తకాల్లో దొరకవు. కాబట్టి ఇంట్లో అమ్మమ్మ, తాత ఉన్న సభ్యులు వాళ్లను ఒక ఆదివారం బాట దగ్గరకు తీసుకురావాలని, తీర్మానం మీద మీ అభిప్రాయం సమావేశానికి ముందే రాసి పంపాలని కోరుతున్నాం.

కార్యదర్శి