కమ్యూనికేషన్ పీజీ కోరే పిల్లల చేత ఒక పేజీ రాయించండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష పీజీసెట్ నోటిఫికేషన్ పడిందంటే పుత్తూరు, పలమనేరు, పీలేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి పిల్లలు బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వస్తారు. ఆ దరఖాస్తుల్లో ఒక కోర్సు సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. ఎంఏ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. ఎస్వీ యూనివర్సిటీలోనూ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనూ ఉంది. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా పెట్టుకోవచ్చు. మాట, రాత తప్ప వేరే పెట్టుబడి లేని చదువిది. అలాంటి చదువులో చేర్చుకునే ముందు పిల్లల చేత ఒక్క వాక్యం కూడా రాయించడం లేదు.

2021 నుంచి రాష్ట్రంలోని యూనివర్సిటీల పీజీ సీట్లకు ఒకే ప్రవేశ పరీక్ష, ఏపీ పీజీసెట్. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ తర్వాత ర్యాంకు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు. కెమిస్ట్రీకి, కామర్స్‌కు ఈ పద్ధతి సరిపోతుందేమో, అక్కడి సంగతి ఆ సబ్జెక్టు వాళ్లు చెప్పాలి. కమ్యూనికేషన్‌కు మాత్రం సరిపోదు.

దరఖాస్తులో ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయం, లోకల్ ఏరియా, హాల్‌టికెట్ నంబర్లు, ఫొటో, సంతకం. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి టెన్త్‌లో పూర్తిగా ఉంటే పిల్లలు పడే టెన్షన్ ఇంతా అంతా కాదు. ఓటీపీ వెళ్లే నంబరు ఊళ్లో ఉన్న నాన్న దగ్గరుంటుంది, ఆయన పొలంలో ఉంటాడు, ఫోన్ ఇంట్లో మోగుతుంటుంది. ఇన్ని వివరాలు అడిగే ఆ ఫారంలో, ఈ చదువు నీకెందుకు, నువ్వు ఏం చూశావు, ఏం చెప్పగలవు అని అడిగే గడి ఒక్కటీ లేదు.

ఆ మధ్య ఒకమ్మాయి కామర్స్‌కు దరఖాస్తు పెట్టించుకోవడానికి వచ్చింది. సర్వర్ మొరాయిస్తుంటే కూర్చుని మాట్లాడుతోంది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు వాళ్ల నాన్న గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో పడిగాపులు కాశాడట. ఈ అమ్మాయి క్యారియర్ తీసుకెళ్లి, ఆ లైన్లోనే ఉండిపోయింది. లోడు అడుగున ఉన్న కాయ ముందు మెత్తబడుతుందని, వాసన మారగానే పక్క ట్రాక్టరు వాళ్లు కూడా తమ లోడు తడిమి చూసుకుంటారని, టోకెన్ పిలిచేటప్పుడు నిద్రపోతున్నవాళ్లను లేపడానికి రైతులు వంతులు వేసుకున్నారని చెప్పింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు కదా, ఆ నాలుగు రూపాయలు ఎవరి ఖాతాలో పడతాయి, కౌలుకు చేసేవాడి సంగతేమిటి, ఏ కాగితం చూపించాలి అన్నది ఆ లైన్లో ఎవరికి ఎలా అర్థమైందో విడమరిచి చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. ఏది కళ్లారా చూసిందో, ఏది విన్నదో విడివిడిగా చెప్పింది. నా షాపుకు జిరాక్సులకు వచ్చే విలేకరులు కొందరున్నారు, వాళ్లు కూడా మెచ్చుకునేంత పొందికగా ఉంది ఆ చెప్పడం.

కమ్యూనికేషన్ కోర్సు ఉందమ్మా, అది కూడా చూడరాదా అన్నాను. "అది టీవీలో యాంకర్లయ్యే వాళ్లకు కదన్నా, మనకెందుకు?" అంది. కామర్స్ ఒక్కటే పెట్టి వెళ్లిపోయింది. తన చేతిలో ఉన్న విద్య ఏమిటో ఆ పిల్లకు తెలియదు. తెలిసే అవకాశం మన పద్ధతిలో ఎక్కడా లేదు.

ఇంకోవైపు, ఈ కోర్సు ఏమిటో తెలియకుండానే ఆప్షన్లలో పెట్టేవాళ్లున్నారు. హాస్టల్ దొరికితే తిరుపతిలో ఉండి గ్రూప్స్‌కు చదువుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. నేను వాళ్లను తప్పుపట్టను. ఇంటి నుంచి డబ్బు రాని పిల్లాడికి యూనివర్సిటీ హాస్టల్, లైబ్రరీ తప్ప ఇంకో దారేముంది? కానీ క్లాసులో అలాంటివాళ్లే ఎక్కువైతే, నిజంగా ఇష్టపడి చేరిన ఇద్దరు ముగ్గురు కూడా నీరసపడిపోతారు.

ఈ చదువు ఎంత అవసరమో తిరుపతి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట లీకైనప్పుడు దిగువ ఊళ్ల వాళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రుళ్లు ఫోన్లలో తిరిగిన మాటలు గుర్తున్నాయా? కట్ట తెగిందని ఒకరు, తెగలేదని ఒకరు, ఏ ఊరికి ఏ గంటకు నీళ్లొస్తాయో లెక్కలు కట్టి ఇంకొకరు. ముసలివాళ్లను, గొడ్లను ఎటు తోలుకెళ్లాలో తెలియక జనం అల్లాడారు. ఏది నిజమో కనుక్కుని, ఏ ఊరివాళ్లు ఎటు వెళ్లాలో నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయగలిగిన మనిషి అప్పుడు ఎంత పనికొస్తాడు! అలాంటివాళ్లు పేపర్లలో కావాలి, ఆకాశవాణిలో కావాలి, కలెక్టరాఫీసులో కావాలి, ఆసుపత్రుల్లో కావాలి. వాళ్లను తయారుచేసే కోర్సు మన పక్కనే ఉంది.

వ్యాయామ విద్య కోర్సులకు పీఈసెట్ అని ఉంది. అక్కడ పిల్లల్ని గ్రౌండులో పరుగెత్తిస్తారు, ఆట ఆడించి చూస్తారు, మార్కులు వేస్తారు. పరుగెత్తడం గురించి ప్రశ్నలడిగి వదిలేయరు. వ్యాయామ విద్యకు చేయగలిగింది కమ్యూనికేషన్‌కు ఎందుకు చేయకూడదని నేను అడుగుతున్నాను.

ఈ లోపం ఒక్క మన రాష్ట్రానిదే కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్‌కు వెళ్లాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒకటి కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. ఢిల్లీలోని ప్రభుత్వ జర్నలిజం సంస్థ ఐఐఎంసీ ఒకప్పుడు వ్యాసాలు రాయించి, ఇంటర్వ్యూ చేసి తీసుకునేది. ఇప్పుడు అక్కడి చాలా కోర్సులకు కూడా ఈ సీయూఈటీ మార్కులే దారి. మనకు దగ్గర్లోని చెన్నైలో పేరున్న ప్రైవేటు జర్నలిజం కాలేజీ మాత్రం పిల్లల చేత రాయించి, మాట్లాడించి సీటిస్తుంది. అంటే లక్షల్లో ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకు తమ రాత చూపించుకునే అవకాశం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ తప్ప దిక్కులేని మన పల్లె పిల్లలకు లేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువగా బాధ కలిగించేది ఇదే.

సీట్లే పూర్తిగా నిండని చోట ఇంకో పరీక్ష దేనికని అనేవాళ్లుంటారు. నేనడిగేది ఎవరినీ బయటకు నెట్టే పరీక్ష కాదు. ర్యాంకు లెక్కలో రాతకు 30 మార్కులు కేటాయించండి, మిగతా 70 ఇప్పుడున్న పరీక్షకే ఉంచండి. రాతలో ఇంత రాకపోతే ఫెయిల్ అనే నిబంధన వద్దు. పేపర్లు దిద్దడం కష్టమంటారు. కెమిస్ట్రీకి వచ్చేంత మంది జర్నలిజానికి రారు, ఆ కాసిని పేపర్లూ రెండు మూడు డిపార్ట్‌మెంట్ల అధ్యాపకులు కూర్చుంటే తేలిగ్గా దిద్దగలరు. పక్షపాతం చూపిస్తారన్న భయముంటే పేరు, నంబరు కనిపించకుండా ఇద్దరి చేత విడివిడిగా దిద్దించవచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసాలు రాయించడం లేదా?

పల్లె పిల్లలకు అక్షరదోషాల వల్ల నష్టం జరుగుతుందన్న మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. లాంగ్వేజ్ పేపరు దాటితే తెలుగులో ఒక పేరా రాసే అలవాటే పోయింది, ఇంగ్లీషులో రాయడం అలవాటయిందా అంటే అదీ లేదు. అందుకే తెలుగో ఇంగ్లీషో వాళ్ల ఇష్టానికి వదిలేయాలి. ఒత్తు పోయిందని, దీర్ఘం తప్పిందని మార్కులు కొట్టేయకూడదు. ఏం చూశారు, ఏది ముందు చెప్పారు, చదివినవాడికి అర్థమైందా లేదా అన్నదే చూడాలి. దోషాలు దిద్దడానికి పిల్లలు రెండేళ్లు అధ్యాపకుల చేతిలోనే ఉంటారు కదా.

ఇంటి దగ్గర రాసి అప్‌లోడ్ చేయమంటే మాత్రం ప్రయోజనం లేదు, ఈ ముక్క నా వ్యాపారం చూసి చెబుతున్నాను. విదేశాల్లో మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు తమ గురించి, చదువు ఉద్దేశం గురించి ఒక వ్యాసం ఇవ్వాలి. దాన్ని కన్సల్టెన్సీ వాళ్లే రాసివ్వడం, ఇప్పుడైతే చాట్‌జీపీటీతో రాయించి పేరు మార్చి ప్రింట్ తీసుకోవడం రోజూ చూస్తున్నాను. అందుకే పరీక్ష హాల్లోనే, కళ్లముందే రాయించాలి. ప్రశ్న కూడా కోచింగ్ సెంటర్లో బట్టీ పట్టలేనిదై ఉండాలి. మీ ఊరి సంతను ఎప్పుడూ చూడని మనిషికి అర్థమయ్యేలా చెప్పండి, మీ వీధిలో నీళ్లు రాని రోజు ఏం జరుగుతుందో రాయండి, ఇలాంటివి. మామిడి లైన్లో నిలబడిన పిల్ల అలాంటి ప్రశ్నకు పెన్ను ఆపకుండా రాస్తుంది.

పీజీసెట్ నడిపించేది ఉన్నత విద్యా మండలి కాబట్టి ఈ మార్పు వాళ్లే చేయాలి. మన రెండు యూనివర్సిటీల కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్లు కలిసి ఒక ప్రతిపాదన పంపితే పని ముందుకు కదులుతుంది. పరీక్ష చివర ఒక గంట, నాలుగు తెల్ల కాగితాలు చాలు. వచ్చే నోటిఫికేషన్‌కు ముందే, డిగ్రీ చివరి సెమిస్టర్ క్లాసులు జరుగుతున్నప్పుడే ఈ సంగతి ప్రకటించి, మాదిరి ప్రశ్నలు చిత్తూరు, తిరుపతి జిల్లాల డిగ్రీ కాలేజీలన్నిటికీ పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
తిరుపతి