'ఉస్కో' అన్న వాక్యానికి ఎర్రగీత

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో ఫ్లెక్సీలు, డీటీపీ పనులు చేసే చిన్న షాపు నాది. ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే జూన్ దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఆ రోజుల్లో నా చేతి కింద ఎక్కువసార్లు పడే ఇంగ్లీషు మాట 'అన్‌లీష్'. పైన 'అన్‌లీష్ యువర్ పొటెన్షియల్', కింద ర్యాంకులు, మధ్యలో పిల్లల ఫొటోలు. దానికి అర్థమేంటి సార్ అని ఫ్లెక్సీ కోసం వచ్చిన ఒకాయన్ను అడిగితే, "ఏదో పవరుండే మాటలే అన్నా, ఉండనీ. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్" అన్నాడు. చేశాను. నాది చదరపు అడుగుల లెక్క.

ఈ మాట మీద పత్రికకు ఉత్తరం రాస్తానని మాత్రం అనుకోలేదు. మా పాప తొమ్మిదో తరగతి. మొన్న ఇంగ్లీషు నోటుబుక్కు తెచ్చి కౌంటరు మీద పడేసింది. 'అన్‌లీష్'తో సొంతవాక్యం రాయమన్నారట. మా తాత అడవిపందుల మీదికి కుక్కను వదిలినాడు అని ఆ మాట పెట్టి ఇంగ్లీషులో రాసింది. దాని మీద అడ్డంగా ఎర్రగీత, పక్కన 'గైడు చూడు' అని. గైడులో ఏముందయ్యా అంటే, తుపాను తన ఆగ్రహాన్ని తీరం మీద చూపించింది అని. మా పిల్ల ఇంతవరకు సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు.

పందుల్ని చూసింది. పత్తికొండ దగ్గర మా నాయనకు నాలుగెకరాల బుడ్డల (వేరుశనగ) చేను ఉంది. కాయ పట్టే రోజుల్లో పందులు పడితే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు తవ్విపోసి ఉంటాయి. అందుకే నాయన కుక్కను గూటానికి కట్టి చేలోనే పడుకుంటాడు. ఆకు అలికిడైతే చాలు, అది తాడు బిగలాక్కుని, ముందరి కాళ్లు గాల్లోకి లేపి, గొంతు పూడుకుపోయేలా మొరుగుతుంది. నాయన అప్పుడే విప్పడు. తొందరపడితే చీకట్లో ఎటో పరిగెత్తి పోతుంది. టార్చి కొట్టి పందులు ఏ పక్కనున్నాయో చూసుకుని, మెడ దగ్గర ముడి లాగి, "ఉస్కో" అంటాడు. పోయిన సెలవుల్లో పాప ఆ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుంది.

నిఘంటువు తీసి చూశాను. లీష్ అంటే కుక్క మెడకు కట్టి చేత పట్టుకునే తాడే. పూర్వం వేటలో మూడు కుక్కల జట్టును కూడా 'లీష్' అనేవాళ్లట. ఆ తాడు విప్పి వేట మీదికి వదలడం అన్‌లీష్. ఇంకో తమాషా ఏమిటంటే, వదులు అనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చి ఇంగ్లీషులో లీష్ అయింది. రిలీజు, రిలాక్స్ కూడా ఆ ఇంటి మాటలే. కట్టే తాడుకు వదలడం నుంచి పేరొచ్చిందన్నమాట! దీన్నిబట్టి చూస్తే లాక్కుంటున్నది ఒకటుండాలి, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉండాలి, ఎవరి మీదికి వదిలారో తెలియాలి. మా పాప వాక్యంలో వీటిలో ఏది తక్కువైందో గీత పెట్టినవారు చెప్పాలి. అడిగితే 'కీ'లో లేదన్నారు.

ఇది అర మార్కు తగువని కొట్టిపారేయకండి. 2009 అక్టోబరు 2న ఊరు మునిగినప్పుడు మేము పాతబస్తీలో మిద్దె మీద తెల్లవార్లూ కూర్చున్నాం. ఆ తర్వాత చాలా రోజులు మా సందులో ఒకటే వాదన: నీళ్లు వచ్చాయా, వదిలారా? నిరుడో మొన్నో అన్నట్టుంది, 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. దాన్ని ఎవరూ విప్పలేదు, తెగింది. ఆ వెనకే మిగతా గేట్లు ఎత్తి నీళ్లు దించారు. అది వదలడం. ఇంగ్లీషులో రెంటికీ 'అన్‌లీష్' అని రాసి పోవచ్చు. ఏటి ఒడ్డున చేను ఉన్నవాడికి అది కుదరదు. తెగిందంటే గొలుసు చూడాల్సినవాణ్ణి అడగాలి, వదిలారంటే ముందుగా ఎందుకు చాటింపు వేయలేదని అడగాలి.

పత్రికలవాళ్లకూ ఒక మాట. ఇంగ్లీషు వార్తలో ఈ క్రియ కనబడగానే 'విడుదల చేశారు' అని రాసేస్తున్నారు. ఎవరో నాయకుడు విమర్శలను విడుదల చేశాడని ఎక్కడో చదివి నవ్వుకున్నాను. సినిమా విడుదలవుతుంది, ఖైదీ విడుదలవుతాడు. విమర్శలైతే గుప్పిస్తారు. కోపం వెళ్లగక్కుతారు, లాఠీ ఝుళిపిస్తారు, గాలివాన విరుచుకుపడుతుంది, ఆంబోతును అచ్చోసి వదులుతారు. కుక్కనైతే ఉసికొల్పుతారు. ఇందులో 'ఉసి' మా నాయన నోటి 'ఉస్కో'కు చుట్టమే అనుకుంటాను. అయితే ఉసికొల్పడానికి తాడు ఉండాల్సిన పని లేదు, అన్‌లీష్‌కు ఉండాలి. టీచర్లు క్లాసులో చెప్పాల్సిన తేడా ఇదీ.

ఇక ఆ పొటెన్షియల్ సంగతి. సామర్థ్యాన్ని విప్పుతామంటున్నారంటే ఎవరో దాన్ని కట్టేశారనేగా? ఆ ఫ్లెక్సీ ఒకటి కట్టడానికి ఒక హాస్టలు గేటు దగ్గరికి పోయాను. గేటుకు తాళం. లోపల పిల్లలు ఆదివారం ఒక ఫోను కోసం వరసలో నిలబడి ఉన్నారు. ఫ్లెక్సీ సరిగ్గా ఆ తాళం పైనే వచ్చింది. కడ్డీకి తాడు నేనే కట్టాను.

విద్యాశాఖవారికి మీ ద్వారా నా మనవి ఒక్కటే. ప్రశ్నలో 'సొంతవాక్యం' అని అడిగినప్పుడు పిల్ల సొంతంగా రాసినదాన్ని తప్పుందా లేదా అని చూసి మార్కు వేయమని బడులకు చెప్పండి. గైడుతో సరిచూడటం మాన్పించండి. పాప నోటుబుక్కు ఆ పేజీ జిరాక్సు ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ షాపు యజమాని,
కర్నూలు